సముద్రగర్భ బావులకు బ్యాకప్ నియంత్రణ: ఏ ఏర్పాటును ఎక్కడ ఎంచుకోవాలి

కాకినాడ ఎదుటి లోతు సముద్రంలో గ్యాస్, చమురు ఉత్పత్తి విస్తరిస్తున్న కొద్దీ విశాఖపట్నంలో ఈ పని గురించి మాట్లాడుకునేవారు పెరిగారు. 2016లో ఇక్కడ పెట్రోలియం, ఇంధన విద్యాసంస్థ ఐఐపీఈ మొదలైనాక విద్యార్థులు కూడా ఈ చర్చలోకి వచ్చారు. వారిలో ఎక్కువమంది అడిగేది ఒకటే: సముద్రం అడుగున ఉన్న బావిని నడిపే ప్రధాన నియంత్రణ వ్యవస్థ చెడిపోతే ఆదుకోవడానికి ఏ బ్యాకప్ మంచిది? ధ్వనితో ఆజ్ఞ పంపే అకౌస్టిక్ పద్ధతా, ద్రవపు పీడనంతో పనిచేసే విడి హైడ్రాలిక్ లైన్లా, ఓడ నుంచి నడిపే నీటి అడుగు రోబో అయిన ఆర్‌ఓవీయా, లేక అన్నింటినీ జంటగా పెట్టుకోవడమా? పరికరాల జాబితాతో మొదలుపెడితే ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకదు. ఆ బ్యాకప్ చేయవలసిన పని ఏమిటో ముందుగా కాగితం మీద రాసుకుంటే జాబితాలో సగం దానంతట అదే రాలిపోతుంది.

బావి తల మీద కూర్చునే ట్రీ అనే వాల్వుల సముదాయంలోని ప్రధాన వాల్వులు హైడ్రాలిక్ పీడనంతో తెరుచుకుని, ఆ పీడనం పోగానే స్ప్రింగు బలంతో మూసుకునే రకానికి చెందినవి. సముద్రపు నేలకు దిగువన, బావి గొట్టంలోనే ఉండే భద్రతా వాల్వు కూడా అలాంటిదే. కాబట్టి అంబిలికల్, అంటే పైనుంచి బావికి విద్యుత్తు, సంకేతాలు, హైడ్రాలిక్ ద్రవం, రసాయనాలు మోసుకొచ్చే తీగలు, గొట్టాల కట్ట, పూర్తిగా తెగి పీడనం పోయినా బావి తెరిచి ఉండిపోదు, మూసుకుంటుంది. మూయడానికి బ్యాకప్ అవసరమయ్యేది పీడనం బయటికి పోవలసిన చోట పోకుండా చిక్కుకున్నప్పుడూ, వాల్వు తానే బిగుసుకుపోయినప్పుడూ మాత్రమే. మిగిలిన బ్యాకప్ అంతా బావిని తెరిచి ఉంచడానికి, ప్రవాహాన్ని తగ్గించి పెంచే చోక్‌ను కదపడానికి, పీడన ఉష్ణోగ్రతల కొలతలు అందుకోవడానికి, మెథనాల్ వంటి రసాయనాలను పంపడానికి ఉపయోగపడేది. మొదటి పని భద్రతకు సంబంధించింది, రెండోది ఉత్పత్తి ఆగకుండా చూడటానికి సంబంధించింది. ఈ రెంటినీ ఒకే పెట్టెలో వేసి ‘బ్యాకప్’ అని పిలవడం వల్లే డిజైన్ సమీక్షల్లో గంటల కొద్దీ వాదనలు జరుగుతాయి.

ఈ రెండు పనులు ఒకదానికొకటి ఎలా అడ్డుపడతాయో చూడాలంటే ఒక చిన్న భాగాన్ని దగ్గరగా పరిశీలించాలి. ట్రీ మీద అమర్చే నియంత్రణ మాడ్యూలును ఎస్‌సీఎం అంటారు. దానిలోకి వచ్చే ఎల్‌పీ (తక్కువ పీడన) హైడ్రాలిక్ సరఫరాలో సాధారణంగా 207 లేదా 345 బార్ పీడనం ఉంటుంది. ఆ లైను మీద ద్రవాన్ని ఒకే దిశలో పోనిచ్చే ఒక నాన్‌రిటర్న్ వాల్వు, దాని తరువాత పీడనాన్ని నిల్వ చేసే ఒక అక్యుములేటరు పెట్టమని ఉత్పత్తి విభాగం కోరుతుంది. పైన పంపు ఆగినా, అంబిలికల్‌లో చిన్న లీకు వచ్చినా, మాడ్యూలు లోపల పీడనం నిలిచి బావి నడుస్తుందన్నది వారి వాదన, అందులో తప్పు లేదు. అయితే అత్యవసరంగా మూయవలసి వచ్చినప్పుడు పైన లైనును ఖాళీ చేస్తే, అదే నాన్‌రిటర్న్ వాల్వు లోపలి పీడనాన్ని బయటికి పోనివ్వదు. ట్రీ వాల్వులకు ద్రవాన్ని మళ్ళించే డీసీవీలు (డైరెక్షనల్ కంట్రోల్ వాల్వులు) తెరిచిన స్థితిలోనే పట్టుకుని ఉంటాయి, ట్రీ వాల్వులు మూసుకోవు. ఉత్పత్తి కోసం పెట్టిన భాగం భద్రతకు అడ్డం తిరిగిందన్నమాట. దీనికి విరుగుడు, విద్యుత్ సంకేతం ఉన్నంతసేపు మూసుకుని ఉండి, సంకేతం పోగానే తెరుచుకుని మాడ్యూలులోని పీడనాన్ని అక్కడికక్కడే వదిలేసే డంప్ వాల్వు. అది పెడితే మళ్ళీ ఇంకో సమస్య ఎదురవుతుంది: విద్యుత్తు ఒక్క క్షణం పోయినా బావి మూతపడుతుంది. కనుక సంకేతం పోయాక ఎంతసేపు ఆగి పీడనం వదలాలన్న సమయాన్ని ముందే నిర్ణయించాలి, ఆ సమయం గడిచేదాకా డంప్ వాల్వును పట్టి ఉంచే చిన్న శక్తి నిల్వ మాడ్యూలులోనే ఉండాలి. ఆ సమయాన్ని ప్రమాద విశ్లేషణ తేల్చాలి తప్ప సరఫరాదారు కేటలాగు కాదు.

మూతపడితే నష్టమేమిటి, మళ్ళీ తెరుచుకోవచ్చు కదా అని కొత్తవారు అనుకుంటారు. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఆ మాట చెల్లదు. 2006లో జరిగిన జాతీయ గ్యాస్ హైడ్రేట్ యాత్ర ఇక్కడి సముద్రపు నేలలోనే సహజ హైడ్రేట్లను, అంటే గ్యాస్, నీరు కలిసి మంచులా గడ్డకట్టిన పదార్థాన్ని, కనుగొంది. అధిక పీడనం, మూడు నాలుగు డిగ్రీల చల్లదనం, గ్యాస్, నీరు ఒకచోట కలిస్తే హైడ్రేట్ ఏర్పడుతుంది. సిద్ధం చేయకుండా హఠాత్తుగా మూసిన బావి గొట్టాల్లో ఈ నాలుగూ ఉంటాయి. గడ్డకట్టిన గొట్టాన్ని కరిగించడానికి రోజులు పట్టవచ్చు, వారాలూ పట్టవచ్చు. అందువల్ల, ప్రధాన నియంత్రణ పోయినప్పుడు ట్రీలోని ప్రధాన మాస్టర్ వాల్వును తెరిచే దారి కంటే మెథనాల్ పంపే రసాయన ఇంజెక్షన్ వాల్వును తెరిచే దారి ముందుగా ఉండాలని నా అభిప్రాయం. నేను చూసిన బ్యాకప్ పట్టికల్లో ఇంజెక్షన్ వాల్వు ఎప్పుడూ చివరి వరుసలోనే ఉంటుంది.

అన్ని ఎంపికలనూ కొలిచేది దూరమే

2020 డిసెంబరులో ఉత్పత్తి మొదలైన కేజీ (కృష్ణా గోదావరి) డీ6 ఆర్ క్లస్టర్ గ్యాస్ క్షేత్రం 2000 మీటర్లకు మించిన లోతులో, అక్కడి కంట్రోల్ అండ్ రైజర్ ప్లాట్‌ఫారానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ దూరాన్నే కొలతగా తీసుకుని లెక్క వేద్దాం. ఫైబర్‌లో సంకేతం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక 60 కిలోమీటర్లకు పట్టేది 0.3 మిల్లీసెకను. హైడ్రాలిక్ ద్రవంలో పీడన తరంగం వేగం సెకనుకు 1400 మీటర్లు అనుకుంటే, పైన పీడనం వదిలామన్న కబురు బావికి చేరడానికే 43 సెకన్లు కావాలి. కబురు చేరినంత మాత్రాన పని పూర్తి కాదు. సన్నటి గొట్టంలో ఉన్న ద్రవం రాపిడిని తట్టుకుంటూ వెనక్కి ప్రవహించాలి. అడుగు చల్లదనంలో ఆ ద్రవం మరింత చిక్కబడుతుంది. అందుకే ఇంత పొడవు లైన్లలో పైనుంచి పీడనం వదిలి మూయడానికి పట్టే కాలాన్ని నిమిషాల్లోనూ, కొన్నిసార్లు అంతకు మించీ లెక్కపెట్టవలసి వస్తుంది.

లోతు వల్ల మరో లెక్క కూడా చేయాలి. పైన పూర్తిగా వదిలేసిన లైనులో కూడా ద్రవపు నిలువు బరువు మిగిలే ఉంటుంది. బయటి సముద్రం దానిని చాలా వరకు సమం చేస్తుంది కానీ, నీరు గ్లైకాల్ కలిపిన నియంత్రణ ద్రవం సముద్రపు నీటి కంటే కొంచెం బరువైనది. ఘనపు మీటరుకు 40 కిలోల తేడా ఉందనుకుంటే 2000 మీటర్ల లోతున దాదాపు 8 బార్ పీడనం వాల్వును తెరిచే వైపు నెడుతూ ఉంటుంది. డీసీవీ పట్టు వదిలే పీడనమూ, వాల్వు స్ప్రింగు బలమూ ఈ 8 బార్‌ను దాటి పనిచేయాలి. లోతు తక్కువ క్షేత్రం కోసం తయారైన మాడ్యూలును ‘నిరూపితమైనది’ అని తెచ్చి లోతు సముద్రంలో దింపేవారు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

ఎంపికలు, వాటి అసలు బలం

ఎలక్ట్రానిక్స్‌ను జంటగా పెట్టడం నేడు దాదాపు అందరూ పాటించే పద్ధతి. ఒకే ఎస్‌సీఎంలో ఎ, బి అని రెండు ఎలక్ట్రానిక్ మాడ్యూళ్ళు, వాటికి విడివిడిగా విద్యుత్తు, సంకేతాల లైన్లు ఉంటాయి. ఖర్చుకు తగిన ఫలితం ఇచ్చేది ఇదే కనుక దీనిని వద్దనడానికి కారణం కనిపించదు. కానీ దీనిని రెండు వ్యవస్థలుగా లెక్కించడం పొరపాటు. ఒక్కో ఛానెలు ఏడాదిలో విఫలమయ్యే అవకాశం 0.02 అని ఉదాహరణకు అనుకుందాం. రెండూ పూర్తిగా స్వతంత్రమైతే రెండూ కలిసి పోయే అవకాశం 0.0004. వైఫల్యాల్లో పదో వంతు రెండింటికీ ఉమ్మడి కారణం వల్ల వస్తాయనుకుంటే అది సుమారు 0.0023కు, అంటే దాదాపు ఆరు రెట్లకు పెరుగుతుంది. ఐఈసీ 61508 అనే భద్రతా ప్రమాణంలో బీటా ఫ్యాక్టర్ అనేది ఈ ఉమ్మడి భాగాన్నే లెక్కిస్తుంది. ఎస్‌సీఎంలో ఆ ఉమ్మడి కారణాలు కళ్ళకు కనిపించేవే: ఒకే డీసీవీల వరుస, ఒకే అడుగుపలక, ఒకే హైడ్రాలిక్ ద్రవం. ద్రవంలో మురికి చేరి డీసీవీ బిగుసుకుంటే ఎలక్ట్రానిక్స్ రెండున్నా నాలుగున్నా ఒకటే.

సంకేతాల లైన్ల విషయంలోనూ ఇదే తర్కం పనిచేస్తుంది. ఎ, బి ఛానెళ్ళు రెండూ ఒకే అంబిలికల్‌లో, అంబిలికల్ ముగిసే ఒకే టెర్మినేషన్ పెట్టెలో, ఒకే తయారీదారు కనెక్టర్లతో పోతుంటే తెగినప్పుడు రెండూ కలిసే తెగుతాయి. ఒక ఛానెలు ఫైబర్ మీద, రెండోది విద్యుత్ తీగ మీదనే సంకేతాన్ని పంపే పద్ధతిలో ఉంటే కనీసం చెడిపోయే తీరైనా వేరుగా ఉంటుంది. నీరు చేరి ఇన్సులేషన్ తగ్గడం విద్యుత్ తీగలకు వచ్చే జబ్బు, ఫైబర్‌కు అది సోకదు. ఫైబర్‌కు వచ్చే జబ్బులు దానికి వేరే ఉన్నాయి.

విడి హైడ్రాలిక్ లైను, అంటే ఎస్‌సీఎంతో సంబంధం లేకుండా పైనుంచి నేరుగా ఒకటి రెండు వాల్వులకు పోయే గొట్టం, మొరటుగా కనిపిస్తుంది కానీ ఎలక్ట్రానిక్స్ మీద ఏమాత్రం ఆధారపడని స్వతంత్రత దానికి ఉంది. కొద్ది కిలోమీటర్ల దూరంలో నేను దీనికే ఓటు వేస్తాను. మెథనాల్ వాల్వుకూ, బావి లోపలి భద్రతా వాల్వుకూ ఒక్కో గొట్టం ఉంటే ఎలక్ట్రానిక్స్ మొత్తం పోయినా ఆ బావి ఓడ వచ్చేదాకా చేతిలో ఉంటుంది. దూరం పెరిగాక, పైన చూసిన లెక్క ప్రకారం, అది అత్యవసర మూతకు పనికిరాదు. అయినా నిదానంగా తెరిచి ఉంచే పనికి ఇంకా పనికొస్తుంది. 60 కిలోమీటర్ల పొడవున అదనపు గొట్టం వేయడానికి అయ్యే ఖర్చు, అంబిలికల్ బరువు మాత్రం ప్రాజెక్టు మేనేజరును నిద్రపోనివ్వవు. అంతకంటే అంబిలికల్‌లో ఒకటి రెండు ఖాళీ గొట్టాలు వదిలి, అవసరమైనప్పుడు ఆర్‌ఓవీతో జంపరు (చిన్న అనుసంధాన గొట్టం) మార్చుకునేలా టెర్మినేషన్‌ను రూపొందించడం మధ్యేమార్గం. ఖాళీ గొట్టాన్ని కూడా శుభ్రమైన ద్రవంతో నింపి, పీడన పరీక్ష చేసి, మూతపెట్టి ఉంచితేనే అది బ్యాకప్ అవుతుంది.

అకౌస్టిక్ పద్ధతి గురించి చెప్పేటప్పుడు ఉత్సాహం కొంత తగ్గించుకోవాలి. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది కనుక 2000 మీటర్ల లోతుకు ఆజ్ఞ చేరడానికి సెకనున్నర కూడా పట్టదు. అంబిలికల్‌తో ఏ సంబంధమూ ఉండదు. ఇంతవరకు గొప్పగానే ఉంది. కానీ ఆజ్ఞ పంపే ట్రాన్స్‌డ్యూసరు బావికి దాదాపు పైన ఉండాలి. 60 కిలోమీటర్ల దూరంలోని ప్లాట్‌ఫారం నుంచి అది సాధ్యం కాదు, ఓడ రావాలి, లేదా బోయ్ కావాలి. పైగా ఓడ థ్రస్టర్ల హోరు, చోక్ గుండా గ్యాస్ దూసుకుపోయే శబ్దం, నీటి పొరల్లో ఉష్ణోగ్రత మారే చోట ధ్వని వంగిపోవడం, ఇవన్నీ ఆజ్ఞను మింగేయగలవు. అడుగున ఉన్న బ్యాటరీలు కొన్నేళ్ళకోసారి మార్చాలి. నార్వే జలాల్లో డ్రిల్లింగ్ సమయంలో బావి పేలకుండా మూసే బీఓపీలకు అకౌస్టిక్ బ్యాకప్ వాడే అలవాటు ఉంది కదా అంటారు. అక్కడ రిగ్గు బావికి సరిగ్గా పైనే ఉంటుంది, ఆజ్ఞ కూడా ‘మూసుకో’ అన్న ఒక్కటే. ఉత్పత్తి బావికి దీనిని పెట్టదలిస్తే మూసే ఆజ్ఞకూ, రెండు మూడు కొలతలు చదవడానికీ పరిమితం చేయాలి. ఉత్పత్తిని దీని మీద నడిపించాలనుకోవడం అత్యాశ.

ఆర్‌ఓవీ ప్రతి డిజైన్ పత్రంలోనూ చివరి ఆసరాగా కనిపిస్తుంది. ట్రీ ప్యానెల్ మీద టార్క్ టూలుతో తిప్పే చోట్లు, హాట్ స్టాబ్ అనే గుచ్చే కనెక్టరుతో పీడనం ఇచ్చే చోట్లు ప్రమాణాల ప్రకారమే ఉంటాయి కనుక పరికరం గురించి బెంగ అక్కరలేదు. ఆలోచించవలసింది ఓడ గురించి. విశాఖ రేవులో సిద్ధంగా ఉన్న ఓడకు కాకినాడ ఎదుటి క్షేత్రం ఒక రాత్రి ప్రయాణం. ఒప్పందంలో ఓడ లేకపోతే అది ముంబయి నుంచో, సింగపూర్ నుంచో రావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం కుదురుగా ఉండదు, ఓడ వచ్చినా ఆర్‌ఓవీని నీటిలోకి దింపే అలల పరిమితి దాటితే ఎదురుచూడటమే పని. కాబట్టి ఆర్‌ఓవీని బ్యాకప్‌గా రాసుకున్న చోట ‘ఎన్ని రోజుల్లో’ అన్న గడి తప్పక నింపాలి. ఆ గడిలో పదిహేను రోజులు అని రాయవలసి వస్తే, ఆ పదిహేను రోజులు బావి ఎలా ఉంటుందో, గొట్టాల్లో హైడ్రేట్ ఏర్పడకుండా ఎవరు చూస్తారో కూడా రాయాలి.

తేలే బోయ్ మీద విద్యుత్తు, హైడ్రాలిక్స్, రేడియో పెట్టి బావి దగ్గరే ఉంచడం కొత్త ఆలోచన కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఈస్ట్ స్పార్ క్షేత్రాన్ని 1990ల్లో అలాంటి బోయ్‌తోనే నడిపారు. తుపాను దారిలో ఉన్న మన తీరంలో శాశ్వత బ్యాకప్‌గా దీనిని నేను సూచించను. అంబిలికల్ తెగి కొత్తది తయారై వచ్చేదాకా నెలల తరబడి ఆగవలసిన స్థితిలో, మంచి వాతావరణం ఉన్న కాలానికి తాత్కాలిక ఏర్పాటుగా మాత్రం ఆలోచించవచ్చు.

ఇక పూర్తి విద్యుత్ వ్యవస్థలు. నెదర్లాండ్స్ సముద్రంలోని కే5ఎఫ్ క్షేత్రంలో 2008లో మొదటిసారి ఇవి ఉత్పత్తిలోకి వచ్చాయి, 2016లో అక్కడే బావి లోపలి భద్రతా వాల్వును కూడా విద్యుత్తుతో నడిపారు. హైడ్రాలిక్ ద్రవం, మురికి, పొడవు గొట్టాల జాప్యం, నిలువు ద్రవపు బరువు వంటి సమస్యలన్నీ ఒక్కసారిగా తొలగిపోతాయి. బదులుగా, విద్యుత్తు పోయినప్పుడు వాల్వు స్ప్రింగుతో మూసుకుంటుందా, బ్యాటరీతో మూసుకుంటుందా అన్న ప్రశ్న ముందుకొస్తుంది. బ్యాటరీతో మూసే రకమైతే ఆ బ్యాటరీయే భద్రతా పరికరం అవుతుంది కనుక దాని ఆరోగ్యాన్ని నిరంతరం పైకి తెలిపే ఏర్పాటు లేనిదే దానిని అంగీకరించకూడదు.

తీరం మీద ఉన్న బలహీనత

సముద్రం అడుగున ఇంత శ్రద్ధ పెట్టి, నియంత్రణ గదిని మరచిపోవడం తరచూ జరుగుతుంది. వశిష్ట, ఎస్1 క్షేత్రాల బావులు నేరుగా ఓడలరేవు తీర టెర్మినల్‌కు కలిశాయి. బావులను ఇలా నేరుగా తీరానికి కలిపే అమరికల్లో నియంత్రణ కేంద్రాన్ని కూడా నేల మీదే ఉంచవచ్చు, అది ఎన్నో రకాలుగా సౌకర్యం. అయితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు కలిసి కూలాయి, నగరానికి రోజుల తరబడి విద్యుత్తు, ఫోను లేవు. విడివిడిగా కనిపించిన రెండు సేవలు ఒకే గాలికి పోయాయి. తీరం మీద నియంత్రణ కేంద్రం పెట్టేవారు మొబైల్ నెట్‌వర్కునూ, స్తంభాల మీద పోయే ఫైబర్‌నూ రెండు స్వతంత్ర దారులుగా లెక్కించడం ఎంతటి భ్రమో ఆ రోజు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. యూపీఎస్ ఎన్ని గంటలు నిలుస్తుంది, డీజిల్ జనరేటరుకు రోడ్లు మూసుకున్నా ఎన్ని రోజుల ఇంధనం ఉంటుంది, ఉపగ్రహ డిష్ ఎంత గాలిని తట్టుకుంటుంది అన్న ప్రశ్నలు సబ్‌సీ (సముద్రగర్భ) డిజైన్‌లో భాగమే.

అంబిలికల్ విషయంలోనూ ప్రమాదం ఎక్కువగా ఉండేది తీరం వైపే. లోతులో దాని జోలికి వచ్చేవారు తక్కువ. తక్కువ లోతులో లంగర్లు, మరపడవల వలలు, గోదావరి ముఖద్వారాల దగ్గర ఇసుక కదలిక దానిని దెబ్బతీస్తాయి. రెండో అంబిలికల్‌కు డబ్బు లేకపోతే, కనీసం ఈ చివరి భాగంలోనైనా రెండు లైన్లను వేర్వేరు దారుల్లో తీసుకురావడం మంచిది. 2024 జనవరిలో చమురు ఉత్పత్తి మొదలైన కేజీ-డీడబ్ల్యూఎన్-98/2 వలె ఎఫ్‌పీఎస్‌ఓ (ఉత్పత్తిని అందుకుని నిల్వ చేసే తేలే ఓడ) ఆధారంగా నడిచే క్షేత్రాల్లో బలహీన స్థానం వేరు. ఓడ కదలికకు నిత్యం వంగుతూ ఉండే అంబిలికల్ పై భాగమే అక్కడ అలసట వల్ల ముందుగా దెబ్బతినే అవకాశం ఉంది.

నా ఎంపిక

రవ్వ వంటి తక్కువ లోతు క్షేత్రాల్లో బావుల తలలు ప్రధానంగా ప్లాట్‌ఫారాల మీదే ఉంటాయి కనుక ఈ చర్చే అక్కరలేదు. ప్లాట్‌ఫారానికి కొద్ది కిలోమీటర్లలో ఒకటి రెండు సబ్‌సీ బావులు కలపవలసి వస్తే పైనుంచి ఒక్కో వాల్వుకు ఒక్కో గొట్టం పోయే నేరు హైడ్రాలిక్ వ్యవస్థనే ప్రధానంగా తీసుకుని బ్యాకప్ గురించి తల బద్దలు కొట్టుకోకపోవడం మేలు. పదిహేను, ఇరవై కిలోమీటర్ల దగ్గర జంట ఎలక్ట్రానిక్స్, వేర్వేరు రకాల సంకేత మార్గాలు, మెథనాల్ వాల్వుకు ఒక విడి హైడ్రాలిక్ గొట్టం తీసుకుంటాను, అకౌస్టిక్‌ను వదిలేస్తాను. 60 కిలోమీటర్లు, 2000 మీటర్ల లోతు అయితే డంప్ వాల్వు తప్పనిసరి, ఖాళీ గొట్టాలు తప్పనిసరి, తీసి మార్చుకోగలిగే ఎస్‌సీఎం ఒకటి దగ్గరి గోదాములో సిద్ధంగా ఉండటం తప్పనిసరి. అంబిలికల్ మొత్తం పోయినా బావి స్థితి తెలుసుకోవడానికి అకౌస్టిక్ కొలతలను ఇక్కడ మాత్రం చేర్చవచ్చు. డబ్బు పరిమితంగానే ఉందంటే, అదనపు ఛానెలు కంటే అదనపు ఎస్‌సీఎం, ఓడ ఒప్పందం ముందుగా కొంటాను.

ఎంచుకున్నది ఏదైనా, వాడుతూ ఉండకపోతే దానిని నమ్మలేం. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలోని మకోండో బావి పేలినప్పుడు బీఓపీ మీద రెండు నియంత్రణ పాడ్‌లు ఉన్నాయి. తరువాతి దర్యాప్తుల్లో వాటిలో బలహీనపడిన బ్యాటరీ, వాల్వును విద్యుత్తుతో కదిపే సోలెనాయిడ్‌కు తప్పుగా కలిపిన తీగలు బయటపడ్డాయి. అది డ్రిల్లింగ్ పరికరం, మనది ఉత్పత్తి పరికరం, అయినా దాగి ఉన్న లోపం రెంటిలోనూ ఒకే తీరుగా ఉంటుంది. అందువల్ల ఎ, బి ఛానెళ్ళను వంతులవారీగా నడపడం, తీగల ఇన్సులేషన్ నిరోధాన్ని రోజూ నమోదు చేసి అది మెగాఓముల నుంచి కిలోఓముల వైపు జారడం మొదలుకాగానే మార్పిడికి ప్రణాళిక వేయడం, మూసే పరీక్షలను ఉత్పత్తి లక్ష్యాల కోసం వాయిదా వేయకుండా ఉండటం ఆపరేటరు ఒప్పందంలోనే రాయాలి. ఫ్యాక్టరీ అంగీకార పరీక్షలో కూడా అన్నీ బాగున్నప్పుడు వాల్వు కదలడం చూసి సంతకం పెట్టకూడదు. అసలు పొడవుకు సమానమైన లైన్ సిమ్యులేటరును కలిపి, ద్రవాన్ని నాలుగు డిగ్రీలకు చల్లబరచి, ఒక్కో కేబులునూ ఒక్కో గొట్టాన్నీ వరుసగా విడదీస్తూ, ప్రతిసారీ వాల్వు మూసుకోవడానికి పట్టిన సమయాన్ని ప్రమాద విశ్లేషణలో రాసుకున్న సమయంతో పోల్చి చూడాలి.